చీటీ మీద ‘ఎఫ్ 20’: మా తమ్ముడి జబ్బు పేరు మాకు తెలిసేదాకా

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఈ ఒక్క మాట బయటికి చెప్పడానికి మా ఇంట్లో రెండేళ్లు దాటింది. ఇది వాణ్ణి అడిగే రాస్తున్నాను. “రాయిక్కా, నా పేరు మాత్రం పెట్టబాక” అన్నాడు. అందుకే పేర్లు ఉండవు. తేదీలూ ఖర్చులూ మాత్రం రాస్తాను. మాలాగే తిరుగుతున్న వాళ్లకు అవే ఎక్కువ పనికొస్తాయి.

మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. నాయన మూడెకరాలు వరి పెడతాడు. నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని, పెళ్లయ్యాక నెల్లూరులో ఉంటున్నాను. తమ్ముడు నాకంటే పదకొండేళ్లు చిన్న. 2023 సంక్రాంతికి వాడు తిరుపతిలో డిగ్రీ ఫైనలియర్. పండక్కి వచ్చినవాడు గదిలోంచి బయటికి రాలేదు. కనుమ రోజు నేను అన్నం పట్టుకెళ్తే కిటికీ రెక్క మూసి, “ఎదురింటోళ్లు నా గురించే మాట్లాడుతుండారక్కా, వినపడలా?” అన్నాడు. ఎదురింటివాళ్లు భోగికి ముందే చెన్నై వెళ్లారు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. కానీ ఏమీ అనకుండా గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ రోజే ఎవరికైనా చెప్పి ఉంటే తొమ్మిది నెలలు పోయేవి కావు.

ఆ తొమ్మిది నెలల్లో వాడి స్థితికి మేం చాలా పేర్లు పెట్టాం. కాలేజీలో ఒక లెక్చరర్ ‘పొగరు’ అన్నారు, పిలిస్తే పలకడం లేదని. నాయన ‘బద్ధకం’ అన్నాడు. మా మేనమామ ‘లవ్ ఫెయిల్యూర్’ అన్నాడు. అమ్మ ‘దిష్టి’ అంది, ఆ తర్వాత ‘గాలి’ అంది. ఇప్పుడు వెనక్కి చూస్తే నాకు అర్థమైంది ఇదే. ఏ పేరు పెడితే ఆ దారిన పోయాం. పొగరు అన్నన్నాళ్లు వాణ్ణి తిట్టాం. బద్ధకం అన్నన్నాళ్లు పొద్దున్నే ఐదింటికి లేపి చేలోకి తోలాం. లవ్ ఫెయిల్యూర్ అనగానే వాడి ఫోన్ లాక్కుని ఒక రాత్రంతా మెసేజ్‌లు వెతికాం, ఏమీ దొరకలేదు. గాలి అనగానే తాయెత్తు కట్టించాం. ప్రతి మాటా మమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్లింది. ఏదీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు.

ఒక్క మాట మాత్రం ఎవరూ అనలేదు. పిచ్చి. మామూలుగా మనకు అది రోజుకు పదిసార్లు దొర్లే మాట. క్రికెట్ పిచ్చి, సినిమా పిచ్చి, గట్టు మీద పిచ్చి మొక్కలు. అమ్మ వాణ్ణి చిన్నప్పటి నుంచీ ముద్దుగా ‘పిచ్చి నాయన’ అనేది. అన్నం కలిపి పెట్టేటప్పుడు “తిను పిచ్చి నాయనా” అనేది. ఆ సంక్రాంతి తర్వాత ఆ పిలుపు ఆమె నోట రాలేదు. ఎప్పుడు ఆగిందో మాలో ఎవరికీ తెలియదు. చాలా నెలల తర్వాత తమ్ముడే అడిగాడు, “అమ్మ నన్ను అట్టా పిలవడం మానేసిందే” అని.

ఏప్రిల్‌లో జొన్నవాడ వెళ్లారు. మా ఊరికి దగ్గరే. అమ్మా వాడూ పదకొండు రాత్రులు కామాక్షమ్మ గుడిలో నిద్ర చేశారు. తెల్లారి పెన్నలో స్నానం, తడిబట్టలతో ప్రదక్షిణలు. నేను ఆదివారాలు వెళ్లేదాన్ని. ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వాడు ఆ పదకొండు రోజులూ ఇంట్లో కంటే బాగా తిన్నాడు. అక్కడ ఎవరూ వాణ్ణి వింతగా చూడలేదు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బాధతోనే వచ్చింది, ఎవరూ దాచుకోరు. పక్కన చాప వేసుకున్న ఒక పెద్దావిడ వాడి నెత్తిన చెయ్యి పెట్టి, “అమ్మ చూసుకుంటాదిలే అబ్బయ్యా” అంది. ఊళ్లో మాకు అలాంటి మాట ఒక్కటి వినపడలేదు. నాకు గుడి మీద ఏ ఫిర్యాదూ లేదు. అక్కడికి వెళ్లడం తప్పు కాదు. అక్కడితో ఆగిపోవడం మా తప్పు.

మే నెలాఖరుకు వాడు రాత్రిళ్లు నిద్రపోవడం పూర్తిగా మానేశాడు. పరీక్షలు రాయలేదు. అప్పుడు నాయన “నరాల డాక్టరుకి చూపిద్దాం” అన్నాడు. ఎవరికీ అభ్యంతరం లేదు. నరాలు అంటే గౌరవమైన మాట, నలుగురికీ చెప్పుకోవచ్చు. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. ఫీజు 500, తల స్కానింగ్ 6,500, తలకు వైర్లు పెట్టి తీసే పరీక్ష 1,800. అన్నీ నార్మల్. “నరాల వీక్‌నెస్, టెన్షన్ వల్ల” అన్నారు. బలానికి ఇంజెక్షన్లు పది, మాత్రలు నెలకు 900. చెవిలో మాటలు వినపడుతున్నాయా అని అక్కడ ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి మేం చెప్పలేదు. నిజానికి మేం చెప్పకుండా దాచాం. రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజు అమ్మ వీధిలో అందరికీ పిలిచి మరీ చెప్పింది, “నరాల వీక్‌నెస్ అంట, ఇంకేం లేదంట” అని. నేను కూడా స్కూల్లో అదే చెప్పాను. ఆ మాట దొరకడం మాకు అంత ఊరట. దాన్ని పట్టుకుని ఇంకో నాలుగు నెలలు కూర్చున్నాం.

2023 అక్టోబర్ 14, శనివారం. మహాలయ అమావాస్య. వాడు రెండు రోజులుగా నీళ్లు కూడా తాగలేదు. అన్నంలో మందు కలిపారని నమ్మాడు. అమ్మ తను ఒక ముద్ద తిని చూపించి, అదే కంచంలోంచి వాడికి పెట్టబోతే, ఆ కంచాన్ని విసిరేశాడు. వాడు జీవితంలో ఎప్పుడూ ఒక వస్తువు విసిరినవాడు కాదు. అరుపులకు చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. “అమావాస్య కదా, అందుకే” అని ఒకరు, “కట్టేయండి” అని ఇంకొకరు. పగ్గం తెచ్చి వసారాలో పెట్టారు కూడా. పశువుల్ని కట్టే పగ్గం. నాయన దాన్ని తీసి గొడ్లపాకలోకి విసిరేసి తలుపు మూశాడు. ఆయన ఆ రాత్రి చేసిన ఆ పనికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో అగ్నిప్రమాదం జరిగి, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. నాకు చిన్నప్పుడు పేపర్లో చూసిన ఆ వార్త ఆ పగ్గాన్ని చూడగానే గుర్తొచ్చింది.

రాత్రి పదకొండున్నరకు నేను 14416కి ఫోన్ చేశాను. టెలిమానస్ నంబరు, డబ్బులు పడవు. మా స్కూల్లో పోస్టర్ అంటించింది నేనే, పిల్లల కోసమని. తెలుగు ఎంచుకున్నాక ఒకమ్మాయి మాట్లాడింది. నేను మళ్లీ అదే పాఠం మొదలుపెట్టాను, “నరాల వీక్‌నెస్ అండీ” అని. ఆ అమ్మాయి ఆపి అడిగింది: “బాబుకి ఎవరూ లేనప్పుడు కూడా మాటలు వినపడుతున్నట్టు అనిపిస్తోందామ్మా? ఎవరో తనకు హాని చేస్తారని భయపడుతున్నాడా?” అంతే. తెలిసిన మాటలే, ఒక్క ఇంగ్లిష్ ముక్క లేదు. తొమ్మిది నెలలుగా మా ఇంట్లో జరుగుతున్నది ఎవరో కిటికీలోంచి చూసి చెప్పినట్టు ఉంది. నేను ఏడ్చేశాను. వాదించొద్దని, చుట్టూ జనం లేకుండా చూడమని, సీలు తీయని నీళ్ల బాటిల్ ఇచ్చి వాడి చేతే తెరిపించమని, రెండు రోజుల్లో మానసిక వైద్యుడి దగ్గరికి తప్పక తీసుకెళ్లమని చెప్పింది. తనకు తానే హాని చేసుకునేలా ఉంటే ఆగకుండా 108కి ఫోన్ చేయమంది. సీలు తీయని బాటిల్ మాట పనిచేసింది. రాత్రి ఒంటిగంటకు వాడు నీళ్లు తాగాడు.

సోమవారం, 16వ తేదీ, నెల్లూరులో ఒక ప్రైవేటు సైకియాట్రిస్టు. వాడు వస్తాడా రాడా అన్నదే పెద్ద టెన్షన్. “నిద్ర పట్టడానికి చూపించుకుందాం” అన్నాను. అది అబద్ధం కాదు, వాడికి నిద్ర కావాలి, వాడూ ఒప్పుకున్నాడు. ఆసుపత్రి బోర్డు మీద రాసి ఉన్న మాట చదివి గేటు దగ్గర ఆగిపోయింది వాడు కాదు, అమ్మ. కొంగు నెత్తిన కప్పుకుని లోపలికి వచ్చింది. రెండున్నర గంటలు కూర్చున్నాం. లోపల ఎనిమిది నిమిషాలు. ఫీజు 600, మాత్రలు నెలకు 1,150. నేను “జబ్బు పేరేంటి సార్?” అని అడిగాను. “పేరుతో పనేముందమ్మా, మాత్రలు వాడండి, తగ్గుతుంది” అన్నారు. మంచాయనే, వాడితో మెల్లగా మాట్లాడారు. కానీ పేరు చెప్పలేదు.

బుచ్చి బస్సులో చీటీ చూశాను. పైన మూలన ‘ఎఫ్ 20’ అని ఉంది. మందు పేరు కాదు, డోసు కాదు. ఫోన్లో వెతికితే వచ్చింది. డాక్టర్లు జబ్బులకు వాడే అంతర్జాతీయ కోడ్ అది. ఎఫ్ 20 అంటే స్కిజోఫ్రీనియా. పక్క సీట్లో వాడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. నేను ఫోన్ బోర్లించి పెట్టుకున్నాను. కోవూరు దాటేదాకా మళ్లీ తెరవలేదు. ఎవరైనా ఒకరు మనిషి ముఖం చూసి చెప్పాల్సిన మాట అది. నాకు బస్సులో ఒక కోడ్‌లో దొరికింది. చీటీ మీద ఎఫ్ అక్షరం, పక్కన అంకె ఉంటే, దాని అర్థం ఏంటని అక్కడే అడగండి. అడిగే హక్కు మనకుంది.

మాత్రలు మూడు వారాలకు పనిచేయడం మొదలుపెట్టాయి. కిటికీ తెరిచాడు. నవంబర్ చివర్లో ఒక రోజు తనంతట తానే, “రేడియో సౌండ్ తగ్గిందక్కా” అన్నాడు. వాడికి వినిపించే గొంతులకు వాడు పెట్టుకున్న పేరు అది. అప్పటినుంచి మా ఇంట్లో అదే మాట. “రేడియో ఎట్టుంది?” అని అడుగుతాం. “మూల్గుతుండాది” అంటే కాస్త వినపడుతోందని, “ఆఫ్” అంటే లేదని. నాయన కూడా చేలోంచి ఫోన్ చేసి అదే అడుగుతాడు. ఎవరి ముందైనా అడగొచ్చు.

ఇబ్బందులూ వచ్చాయి. నిద్రలో దిండు తడిసేంత చొంగ, చేతులు బిగుసుకుపోయినట్టు ఉండటం, మూడు నెలల్లో తొమ్మిది కిలోల బరువు. బిగుసుకుపోవడానికి ఇంకో మాత్ర ఇస్తారని మాకు తెలియదు. ముందే చెప్పి ఉంటే ఫిబ్రవరిలో జరిగింది జరిగేది కాదేమో. ఒక పెళ్లిలో దగ్గరి బంధువు “అవి మత్తు మాత్రలురా, అలవాటైపోతే జీవితాంతం వదలవు” అన్నాడు. మత్తు అన్న మాట వాడి చెవిలో పడింది. మర్నాటి నుంచి మాత్రలు మింగినట్టు నటించి కిటికీ బయట వేశాడు. మాకు ఏప్రిల్‌లో తెలిసింది, ఊడుస్తుంటే అమ్మకు మందారం చెట్టు కింద దొరికాయి.

అది 2024 ఎన్నికల సమయం. ఆటోలకు మైకులు కట్టుకుని రోజంతా తిరిగేవారు. ఆ మైకులు తన పేరే పిలుస్తున్నాయని వాడు పరుగెత్తాడు. ఏప్రిల్ 22న అడ్మిట్ చేశాం. పన్నెండు రోజులు. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రి. మందులకూ మంచానికీ ఖర్చు లేదు. భోజనాలు, ఆటోలు, రాకపోకలు కలిపి 5,400 అయింది. మగవాళ్ల వార్డులో తోడుగా ఒక మగమనిషి రాత్రంతా ఉండాలన్నారు, నాయన ఉన్నాడు. నాకు వేసవి సెలవులు ఇవ్వడంతో పగలు నేను ఉన్నాను. చేరేటప్పుడు ఒక కాగితం మీద, తన తరఫున మాట్లాడే మనిషి ఎవరో రోగే రాయాలన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉందట. నాయన పేరు రాస్తాడనుకున్నాం. నా పేరు రాశాడు. చేతులు వణుకుతున్నా గుండ్రటి అక్షరాలతో రాశాడు. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే.

ఆ వార్డులో ఒక డాక్టరమ్మ మొదటిసారి మాకు కూర్చోబెట్టి చెప్పింది. అమ్మ అడిగింది, “మాత్రలేసుకున్నా రోజంతా పడుకునే ఉంటాడమ్మా, ఒళ్లొంచడు” అని. డాక్టరమ్మ అంది, “అది బద్ధకం కాదమ్మా. ఈ జబ్బుకు రెండు ముఖాలు ఉంటాయి. లేనివి వినపడటం ఒకటి, ఉన్న ఉత్సాహం పోవడం ఇంకొకటి. మాత్రలకు మొదటిది త్వరగా లొంగుతుంది. రెండోది మెల్లగా. బద్ధకం అని తిడితే అది ఇంకా ముడుచుకుంటుంది.” నాయన అంతసేపూ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ సాయంత్రం వాడికి తలంటి పోశాడు, వార్డు బాత్‌రూమ్‌లో, ప్లాస్టిక్ మగ్గుతో. ఒక్క మాట అనలేదు. నేను బయట తువ్వాలు పట్టుకుని నిలబడి నీళ్ల చప్పుడు విన్నాను.

ఎఫ్ 20 సంగతి ఆమెకు చెప్పాను. ఆమె పేరు దాచలేదు, వాడి ముందే చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది, నాకు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది. జపాన్‌లో ఈ జబ్బు పాత పేరుకు ‘మనసు చీలిన జబ్బు’ అని అర్థమట. ఆ పేరు మార్చమని 1993లో అడిగింది డాక్టర్లు కాదు, రోగుల ఇంటివాళ్ల సంఘం. 2002లో మార్చారు, మనసు సమన్వయం తప్పడం అనే అర్థం వచ్చేలా. అంతకుముందు డాక్టర్లు మూడోవంతు మందికి కాస్త ఎక్కువగా మాత్రమే జబ్బు పేరు చెప్పేవారట. పేరు మారిన మూడేళ్లలో అది మూడింట రెండొంతులు దాటింది. జబ్బు అదే, మందులూ అవే. చెప్పడానికి నోరు వచ్చే మాట దొరికింది. పేరుతో పనేముందమ్మా అన్న ప్రశ్నకు నాకు జవాబు ఇదే. మన దగ్గర ఈ జబ్బుకు పేరుగా ‘ఎర్రగడ్డ’ ఉంది, నెల్లూరు వైపు ‘కీల్పాక్ కేసు’ ఉంది. ఒకటి హైదరాబాద్‌లో, ఇంకొకటి చెన్నైలో, రెండూ మానసిక ఆసుపత్రులున్న చోట్ల పేర్లు. వైద్యం దొరికే చోటు పేరునే తిట్టుగా మార్చుకున్న మనం అక్కడికి ఎట్లా వెళ్తాం?

జూలై 17న మొహర్రం. నెల్లూరులో రొట్టెల పండుగ. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక పేరున్న రొట్టె తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఆ నీళ్లలో నిలబడి ఎవరికి ఏం కావాలో గట్టిగా అడగాలి, గొణిగితే ఎవరికీ వినపడదు. అమ్మ మోకాలి లోతు నీళ్లలో పావుగంట నిలబడింది, నెత్తిన కొంగుతో. చివరికి “ఆరోగ్య రొట్టె” అంది. చేతిలో రొట్టె ఉన్న ఒకావిడ దగ్గరికి వచ్చి, “ఎవరికమ్మా? ఏం బాధ?” అని అడిగింది. నేను నరాలు అంటుందనుకున్నాను. అమ్మ, “నా బిడ్డకి మనసులో జబ్బమ్మా” అంది. ఆవిడ రొట్టె విరిచి చేతిలో పెట్టి, “తగ్గుతాది, తిను తల్లీ” అని ఇంకొకరి వైపు తిరిగింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ అదే పదే పదే చెప్పింది: “ఆయమ్మ వెనక్కి జరగలేదు చూశావా? నేను చెప్పినాక కూడా జరగలేదు.” మరుసటి ఏడు జూలైలో వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చింది. మాత్రలు ఆపడానికి కాదని ముందే తనే చెప్పింది.

ఇక వైకల్య సర్టిఫికెట్ సంగతి. ఇది చదివేవాళ్లలో చాలామందికి పనికొస్తుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక రుగ్మత ఒకటి. వైకల్యం కనీసం 40 శాతం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌కు అర్హత వస్తుంది. తమ్ముడు డిగ్రీ పూర్తి చేశాడు, పోటీ పరీక్షలు రాయాలని వాడి ఆశ. 2025 మార్చిలో దరఖాస్తు పెట్టాం. నాయనా వాడూ వెళ్లారు. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి “ఏం ప్రాబ్లం?” అన్నాడు. నాయన, “మెంటల్ సార్” అన్నాడు. ఆ అబ్బాయి నొక్కాడు.

మే 20న మెడికల్ బోర్డు. పొద్దున ఏడున్నరకు వెళ్తే మధ్యాహ్నం రెండున్నరకు పిలిచారు. లోపల వాడి ముందు రంగు చెక్క ముక్కలు పెట్టి బొమ్మ కూర్చమన్నారు, అంకెలు వెనక నుంచి చెప్పమన్నారు. వాడు అన్నీ చేశాడు. అరగంట తర్వాత, “ఇతని తెలివితేటలు బాగానే ఉన్నాయమ్మా, సర్టిఫికెట్ రాదు” అన్నారు. కాగితం తీసి చూస్తే కేటగిరీ దగ్గర ‘బుద్ధిమాంద్యం’ అని ఉంది. మానసిక రుగ్మత కాదు. బుద్ధిమాంద్యం అంటే చిన్నప్పటి నుంచీ తెలివి ఎదుగుదల తక్కువ కావడం, దానికీ దీనికీ సంబంధం లేదు. చట్టంలో రెండూ వేరు, లెక్కించే పద్ధతీ వేరు. మన నోట్లో మాత్రం రెండింటికీ ఒకటే మాట, మెంటల్. ఆ ఒక్క మాటకు మాకు ఆరు నెలలు పట్టింది. వాడు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, “నేను కరెక్టుగా చేయకుండా ఉండాల్సిందా అక్కా?” అని అడిగాడు. వాడి చొక్కా జేబులో వాడు చదువుకుంటున్న కరెంట్ అఫైర్స్ నోట్స్ మడతపెట్టి ఉంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

జూన్‌లో మళ్లీ దరఖాస్తు. ఈసారి నేనే వెళ్లి, ఒక కాగితం మీద ‘మానసిక రుగ్మత – స్కిజోఫ్రీనియా’ అని తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి చేతికిచ్చాను. స్క్రీన్ నా వైపు తిప్పమని అడిగి, నొక్కినదేంటో చూసి కానీ లేవలేదు. మీరూ అలాగే చేయండి. సెప్టెంబర్ 9న బోర్డు. మానసిక రుగ్మత వల్ల వైకల్యం ఎంతో లెక్కించే పద్ధతిని ఐడియాస్ అంటారు. నాలుగు విషయాలు చూస్తారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటమూ అర్థం చేసుకోవడమూ కలిపి ఒకటి, పని లేదా చదువు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు. జబ్బు వచ్చి ఎన్నేళ్లయిందన్న దానికి విడిగా కలుపుతారు. మొత్తం 7 వస్తే 40 శాతంలోకి వస్తారు.

ఇక్కడ ఇంకో ఆశ్చర్యం. “ఇంట్లో ఎలా ఉంటాడమ్మా?” అని డాక్టర్ అమ్మను అడిగితే, “బాగానే ఉంటాడు సార్, బంగారు కొండ” అంది. “స్నానం?” “చేస్తాడు సార్.” ఎవరైనా గుర్తుచేస్తే తప్ప నాలుగైదు రోజులు చేయని బిడ్డ గురించి. అది అబద్ధం చెప్పాలని కాదు. బిడ్డ గురించి నోటితో చెడు మాట అనకూడదు, పైన తథాస్తు దేవతలు ఉంటారు, అదే అమ్మ పెరిగిన పద్ధతి. నేను కల్పించుకుని, “అమ్మా, ఈయనకు చెప్తే శాపం కాదు, లెక్క” అన్నాను. అప్పుడు మెల్లగా ఒక్కొక్కటీ చెప్పింది, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ. ఆ మాటలు వాడి ముందే అనాల్సి రావడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. బోర్డుకు వెళ్లేముందు ఇంట్లో ఈ సంగతి మాట్లాడుకోండి, రోగితో కూడా. మందుల చీటీలన్నీ తేదీల వరుసలో, అడ్మిట్ అయిన కాగితంతో సహా తీసుకెళ్లండి. అక్టోబర్ చివర్లో సర్టిఫికెట్ వచ్చింది. 40 శాతం దాటింది.

ఇప్పుడు నెలకోసారి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. ఏదైనా లేకపోతే జన ఔషధి షాపులో కొంటాం, నెలకు 200 లోపే అవుతోంది. మూడు నెలలకోసారి షుగర్, బరువు చూస్తారు. వాడు పొద్దున్నే ఎనిమిదింటికి లేస్తాడు, అంతకుముందు లేవలేడు, మేం లేపం. రోజుకు రెండు గంటలు చదువుతాడు. అంతకంటే ఎక్కువైతే రేడియో మూల్గుతుంది.

మా క్లాసులో పిల్లలు ఒకరినొకరు ‘మెంటల్’ అనుకుంటారు. పదిహేనేళ్ల సర్వీసులో నేను కూడా ఎన్నోసార్లు, “మెంటలా రా నీకు, ఎన్నిసార్లు చెప్పాలి” అన్నాను. అనలేదని చెప్పుకోలేను. పిల్లలకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరైనా ఆ మాట అంటే, “అంటే ఏంటి నాన్నా? వాడు విసిగించాడా? మర్చిపోయాడా? వింతగా చేశాడా?” అని అడుగుతున్నాను. ఏ మాట కావాలో ఆ మాట వెతుక్కోమంటున్నాను. రెండో తరగతి పిల్లాడు ఒకడు బాగా ఆలోచించి, “నాకు వాడి మీద కోపంగా ఉంది టీచర్” అన్నాడు.

పోయిన వారం నాయనా తమ్ముడూ నారుమడి దగ్గర ఉండగా మా మేనమామ వచ్చాడట, లవ్ ఫెయిల్యూర్ అన్న మామే. “ఇప్పుడెట్టుండావు అబ్బయ్యా? నరాలు బాగయినాయా?” అన్నాడు. నాయన నోరు తెరిచేలోపే వాడే చెప్పాడట, “నరాలు కాదు మామా, స్కిజోఫ్రీనియా. మాత్రలు వాడతుండా” అని. మామ ఆ మాటను రెండుసార్లు పలకడానికి ప్రయత్నించి, “షుగర్‌కి వాడినట్టు రోజూ వాడాల్నా?” అని అడిగాడట. “అట్టాగే మామా.” ఆ తర్వాత వాళ్లు పుట్టి వడ్ల ధర ఈసారైనా నిలుస్తుందా అని మాట్లాడుకున్నారు.

మళ్లీ జనవరి 6న ఆసుపత్రికి వెళ్లాలి. షుగర్ పరీక్ష ఉంది, పరగడుపున రమ్మన్నారు. అమ్మ ఇడ్లీ డబ్బాలో పెట్టిస్తానంది, రక్తం ఇచ్చాక తినడానికి.